మళ్ల ఒక్కసారి లెక్కవెట్టు

పొదుపు సంఘం మీటింగుల్లో వినబడే మాటల్లో నాకు బాగా నచ్చేది, "మళ్ల ఒక్కసారి లెక్కవెట్టక్కా" అనేది. చాప మీద పోగైన నోట్లు లీడరు లెక్కపెట్టి, ఇంత వచ్చిందని చెబుతుంది. పక్కన కూర్చున్నామె మొహమాటం లేకుండా ఈ మాట అనేస్తుంది. లీడరు మొహం ముడుచుకోదు. వేలు తడి చేసుకుని నోట్లు మళ్లీ మొదటి నుంచి తిప్పుతుంది. కొత్తగా చూసేవాళ్లు, వీళ్లకు ఒకరి మీద ఒకరికి నమ్మకం లేదనుకుంటారు. అసలు నమ్మకం లేని చోట ఆ మాట నోటి దాకా రాదు. అనుమానం కొంగున ముడేసుకుని ఇంటికి పోయి తోడికోడలి చెవిలో వేస్తారు. అది తెల్లారేసరికి నల్లా దగ్గరికి చేరుతుంది. నాలుగు నెలలకు సంఘం పగులుతుంది. పదిమందిలో అడగగలిగిన అనుమానం మాత్రం అక్కడే పుట్టి అక్కడే తీరిపోతుంది.

పెద్ద కొడప్‌గల్ వైపు ఈ సంఘాలను చూసిన కొద్దీ నాకీ అభిప్రాయం గట్టిపడింది. సంగారెడ్డి నుంచి నాందేడ్ దిక్కు పోయే 161వ నంబరు జాతీయ రహదారి మీద, పిట్లం దాటాక వచ్చే ఊరిది. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీసినప్పుడు పిట్లం నుంచి వేరుపడి మండల కేంద్రమైంది. నిజామాబాద్ జిల్లా పోయి కామారెడ్డి జిల్లా, బాన్సువాడ డివిజన్ అయింది. పత్తి, సోయా, కంది, పెసర, మినుము పండే నేలలు. ఒక పక్క మహారాష్ట్ర, ఇంకో పక్క కర్ణాటక. తెలుగు, మరాఠీ, కన్నడం, ఉర్దూ, తండాల్లో లంబాడీ, అన్నీ వినబడతాయి. సంఘం తీర్మానాల పుస్తకం తెలుగులో ఉంటుంది. కొట్లాట మాత్రం ఎవరికి ఏ భాష ముందు వస్తే ఆ భాషలో నడుస్తుంది. బుక్ కీపరు ఆ కొట్లాటనంతా వడగట్టి "చర్చించి ఏకగ్రీవంగా తీర్మానించడమైనది" అని ఒక్క ముక్కలో రాస్తుంది. మన ప్రజాస్వామ్యంలోని అసలు సరుకంతా ఆ వడపోతలోనే పోతుందని నా ఫిర్యాదు.

ఈ సంఘాలు వాటంతటవే మొలిచాయని చెబితే అబద్ధమవుతుంది. 1992లో నాబార్డ్ దేశంలో 500 సంఘాలను బ్యాంకులకు కలిపి చూద్దామని మొదలుపెట్టింది. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డదీ ఆ రోజుల్లోనే. ఆ ఉద్యమం వెంబడే అక్కడ పొదుపు ఉద్యమం వచ్చింది. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో వెలుగు పథకం ఆరు జిల్లాల్లో మొదలైంది. నిజామాబాద్ ఆ తర్వాతి విడతలో చేరింది. వెలుగు కాస్తా ఇందిరా క్రాంతి పథం అయింది. 2011లో కేంద్రం దేశమంతటికీ అలాంటి మిషన్‌నే తెచ్చింది. ప్రభుత్వం పూనుకుని, జీతాలిచ్చి మనుషులను పంపి, "మీరు మీ అంతట మీరే నడుచుకోండి" అని చెప్పడంలో ఉన్న తమాషా ఆ పనిలో ఉన్నవాళ్లకూ తెలుసు. పిల్లకు సైకిల్ నేర్పే తండ్రి సీటు వదిలేశానని అబద్ధం చెప్పి వెనక పరుగెత్తినట్టు, కొన్నేళ్లు ఆ పని అలాగే నడిచింది. చాలా చోట్ల ఇంకా వదల్లేదు.

సంఘాలకు నేర్పే పంచసూత్రాలున్నాయి: క్రమం తప్పకుండా సమావేశం, పొదుపు, అంతర్గత అప్పులు, వాయిదాల చెల్లింపు, పుస్తకాలు రాయడం. అయిదింటిలో ఎక్కడా నమ్మకం అన్న ఊసు లేదు. ఆ లోపాన్ని ఎత్తిచూపి ఆరో సూత్రం చేర్చాలనే ఉత్సాహవంతులను ట్రైనింగుల్లో చూశాను. అది రాయకపోవడమే తెలివి అంటాను. "ఒకరినొకరు నమ్మండి" అని చెబితే నమ్మేవాళ్లెవరు? ప్రతి నెలా అదే రోజు, అదే చోట, పైసలు అందరి కళ్ల ముందు చాప మీద పడి, ఎవరిచ్చింది ఎంతో గట్టిగా చదివి, పోయిన నెల అప్పు తీసుకున్నామె కిస్తీ కట్టిందో లేదో ఆమె మొహం మీదే చెప్పుకుంటూ పోతే, ఏడాదికో రెండేళ్లకో నమ్మకం ఏర్పడుతుంది. అది మీటింగు పెట్టగా వచ్చిన ఫలితం. ముందే ఉంటేనే మీటింగు పెడతామంటే ఏ సంఘమూ మొదలు కాదు.

ఇక కూర్చోవడం సంగతి. సంఘంలో పది నుంచి పదిహేను మంది ఉంటారు. గుండ్రంగా కూర్చుంటారు. ఎవరి మొహం ఎవరికైనా కనబడుతుంది, మధ్యలో పుస్తకాలూ పైసలూ ఉంటాయి. మండల ఆఫీసు నుంచి సంఘాల పని చూసే సీసీ సారో, ఏపీఎం సారో వచ్చాడంటే, ఎవరింట్లోంచో ఒక ప్లాస్టిక్ కుర్చీ వచ్చేస్తుంది. మర్యాద గనక కాదనలేడు. కుర్చీలో మనిషి కూర్చోగానే ఆ గుండ్రం తనంతట తానే విచ్చుకుని అర్ధచంద్రమవుతుంది, కాసేపట్లో వరసలవుతుంది. అప్పటి దాకా ఒకరితో ఒకరు మాట్లాడుకున్నవాళ్లు అందరూ కుర్చీ వైపే మాట్లాడడం మొదలుపెడతారు. "చెల్లె, నువ్వు కట్టలేదు గదా" అన్నామె, "సార్, ఆమె కట్టలేదు సార్" అంటుంది. అదే ఫిర్యాదు, అవే మాటలు, కానీ ఇప్పుడు తీర్పు చెప్పే బాధ్యత ఇంకొకరికి పోయింది. తెలివైన సీసీలు కుర్చీని గోడ పక్కకు జరిపి చాప మీద ఒక మూలన కూర్చుంటారు. ఇంకా తెలివైనవాళ్లు ఏదైనా అడిగితే "మీరేమంటరు?" అని ప్రశ్నను మళ్లీ చాప మధ్యలోకే నెట్టేస్తారు. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దాన్ని ఓర్చుకోవడం చాలా కష్టమైన పని. అరనిమిషం ఎవరూ మాట్లాడకపోతే చదువుకున్న మనిషికి నాలుక దురద పెడుతుంది. ఆ అరనిమిషం ఆగగలిగితే ఎవరో ఒక పెద్దమ్మ గొంతు సవరించుకుంటుంది.

ఈ ఆగడాన్నే ఒక పద్ధతిగా చేసి ప్రపంచానికి చూపినాయన హారిసన్ ఓవెన్ అనే అమెరికా మనిషి. ఏడాదంతా కష్టపడి ఒక పెద్ద సదస్సు ఏర్పాటు చేస్తే, వచ్చినవాళ్లంతా అందులో అన్నిటికంటే బాగున్నవి కాఫీ విరామాలే అన్నారట. అయితే సదస్సంతా కాఫీ విరామంలాగే పెడదామని 1985లో ఓపెన్ స్పేస్ అనే పద్ధతి మొదలుపెట్టాడు. గుండ్రంగా కుర్చీలు, ఖాళీ గోడ. ముందుగా ఎజెండా ఉండదు. ఎవరికి ఏ విషయం మీద మాట్లాడాలనుంటే వాళ్లే కాగితం మీద రాసి గోడకు అంటించాలి. వచ్చినవాళ్లే రావలసినవాళ్లు, ఎప్పుడు మొదలైతే అదే సరైన సమయం అంటాడాయన. ఏడు గంటలకని చెప్పిన మీటింగు ఎనిమిదిన్నరకు మొదలవడానికి ఇంత తాత్త్వికమైన సమర్థన ఉందని మా వైపు ఎవరికీ తెలియదు. ఇంకో నియమం కూడా పెట్టాడు: నువ్వు నేర్చుకునేదీ ఇచ్చేదీ ఏమీ లేదనిపిస్తే, కాళ్లున్నాయి కదా, లేచి వేరే గుంపులోకి పో.

తేడా అక్కడే ఉంది. ఓవెన్ హాల్లో మనిషి లేచిపోవచ్చు. అందుకే అక్కడ నమ్మకానికి పెద్ద ఖరీదు ఉండదు. మన సంఘంలో బర్రె ఇంటికొచ్చిందని మధ్యలో లేచిపోయే ఆమె కూడా నిజానికి ఎక్కడికీ పోలేదు. బ్యాంకు అప్పు పదిమంది పేరు మీద ఉంది. తెల్లారితే అదే నల్లా దగ్గర నీళ్లు పట్టుకోవాలి, అదే పత్తి చేనులో పక్క పక్క సాళ్లలో ఏరాలి, ఎండాకాలం పక్కన కూర్చున్నామె మేనమామ కొడుక్కే తన బిడ్డనివ్వాలేమో. లేచిపోయే వీలు లేని చోట మనుషులు ఒకరినొకరు నమ్మాలంటే ఒట్టి సద్భావం చాలదు. పుస్తకం కావాలి. ఓవెన్ గోడ మీద కాగితాలు అంటించాడు, మనవాళ్లు చాప మీద పాసు పుస్తకాలు పరిచారు.

ఎవరూ నడపకుండా నడిచే పనులు ఈ సరిహద్దు ఊళ్లకు కొత్త కాదు. పండరి దారి పట్టే వార్కరీల ప్రభావం ఇక్కడ ఎక్కువ. హరినామ సప్తాహాలు జరుగుతాయి. ఏడు రోజులు పగలూ రాత్రీ నామం ఆగకూడదు, వీణ నేల మీద పెట్టకూడదు. ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి పహరా మారుతూ పోతుంది. తెల్లవారుజామున రెండు గంటలకు వీణ పట్టుకున్నాయనకు, తర్వాతి మనిషి నిద్ర లేచి వస్తాడన్న భరోసా తప్ప వేరే ఏ హామీ లేదు. వస్తాడు. రాకపోతే ఏమవుతుందని ఒకసారి అడిగాను. "ఎందుకు రాడు?" అని ఎదురు ప్రశ్న వచ్చింది. అంత పాతుకున్న నమ్మకానికి పుస్తకం అక్కర్లేదు. అయితే అక్కడ చేతులు మారేది వీణ. పైసలు కాదు.

పైసలు చేతులు మారేచోట ఏం జరుగుతుందో 2010లో చూశాం. అంతకు ముందు కొన్నేళ్లుగా సూక్ష్మరుణ కంపెనీలు పల్లెల్లోకి వచ్చాయి. బయటి నుంచి చూస్తే వాళ్ల మీటింగు సంఘం మీటింగుకు కవలపిల్లే. అదే చాప, అవే మొహాలు, మొదట్లో ప్రతిజ్ఞ కూడా ఉండేది. కానీ ఎప్పుడు కూర్చోవాలో, ఎంత కట్టాలో, ఎవరికి ఆగాలో ఆడవాళ్లు నిర్ణయించలేదు. కిస్తీ వసూలుకొచ్చిన కుర్రవాడు, అందరి పైసలూ వచ్చేదాకా ఎవరూ లేవొద్దనేవాడు. ఒకామె కట్టలేకపోతే మిగతా తొమ్మిది మంది ఆమె గడపలో నిలబడేవారు. ఏళ్ల తరబడి పక్కింటివాళ్ల మధ్య పెరిగిన నమ్మకాన్ని ఒక కంపెనీ తన తాకట్టు సరుకుగా వాడుకుంది. ఒకటి మీద ఇంకొకటిగా అప్పులు పేరుకున్నాయి. ఆత్మహత్యల వార్తలు వచ్చాయి. 2010 ఆగస్టులో ఆ రంగంలోని పెద్ద కంపెనీ ఎస్‌కేఎస్ స్టాక్ మార్కెట్‌లో అడుగుపెట్టింది. రెండు నెలలు తిరగకుండానే, అక్టోబరులో, రాష్ట్ర ప్రభుత్వం ఆ కంపెనీలకు కళ్లెం వేస్తూ ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు కుప్పకూలాయి.

సొంత సంఘంలో అయితే ఆ తొమ్మిది మందీ ఇంకో పని చేయగలరు. "ఆమె పెనిమిటి దుబాయి నుంచి ఈ నెల పంపలేదు, వచ్చే నెల రెండు కిస్తీలు కడతది, రాసుకో" అనగలరు. ఈ ప్రాంతం నుంచి గల్ఫ్ పోయిన మొగవాళ్ల సంగతి ఊరందరికీ తెలుసు. ఏ కంపెనీలో జీతం ఆగిందో కూడా తెలుసు. ఆ తెలిసినదాన్ని లెక్కలోకి తీసుకునే అధికారం చాప మీద కూర్చున్నవాళ్ల చేతిలో ఉండాలి. లేకపోతే ఆ గుండ్రం ఉచ్చుగా మారుతుంది. ఈ విషయంలో మన సర్కారు సంఘాలూ పూర్తిగా ఉత్తములేమీ కావు. బ్యాంకు లింకేజీ టార్గెట్లు, రికవరీ శాతాలు రివ్యూ మీటింగుల్లో వినబడ్డ నాటి నుంచి సీసీ గొంతులో కూడా అప్పుడప్పుడు ఆ కిస్తీ కుర్రవాడు పలుకుతున్నాడు.

ఉమ్మడి నిజామాబాద్ జిల్లా గురించి రాస్తూ గ్రామాభివృద్ధి కమిటీల పేరెత్తకపోతే తప్పించుకున్నట్టవుతుంది. ఏ చట్టమూ, ఏ పథకమూ పుట్టించకుండా ఊళ్లు తమంతట తాము ఏర్పాటు చేసుకున్న సభలవి. కులానికొకరు చొప్పున పెద్దమనుషులు కూర్చుంటారు. ఆడవాళ్లు సాధారణంగా కనబడరు. గుడులు కట్టారు, బోర్లు వేశారు, రోడ్లు వేశారు, పండగలు చేశారు. సర్కారు కోసం చూడకుండా ఊరు తన పని తాను చేసుకోవడమంటే ఇదే కదా అని ఎవరైనా మెచ్చుకోవచ్చు. అవే కమిటీలు కొన్ని చోట్ల కల్లుకూ, కోడిమాంసానికీ, బెల్టు షాపుకూ వేలాలు పెట్టాయి. మాట విననివాళ్లకు లక్షల్లో జుర్మానా వేశాయి. కట్టకపోతే దుకాణంలో సరుకు ఇవ్వొద్దు, పొలంలో కూలికి పోవద్దు, మాట్లాడినవాళ్లకూ జుర్మానా అని బహిష్కరణలు పెట్టాయి. పత్రికల్లో ఈ వార్తలు ఏటా చదువుతూనే ఉన్నాం. ఆ సభల్లో కూడా తీర్మానాలు ఏకగ్రీవమే. "మళ్ల ఒక్కసారి లెక్కవెట్టు" అన్న గొంతు మాత్రం ఉండదు. అన్నవాడికి ఆ రాత్రే దుకాణంలో ఉప్పు దొరకదు. భయంతో ఊపిన తలకాయా నమ్మకంతో ఊపిన తలకాయా దూరం నుంచి ఒకేలా కనిపిస్తాయి. ఊరు ఒక్క మాట మీద ఉందని ఎవరైనా గొప్పగా చెబితే, ఆ ఊళ్లో ఎదురు మాట్లాడినామెకు పోయిన ఏడాది ఏమైందో నేను విచారిస్తాను.

జుర్మానా సంఘాల్లోనూ ఉంది. మీటింగుకు ఆలస్యమైతే అయిదో పదో, రాకపోతే ఇంకొంచెం. పది రూపాయలతో ఎవరికీ ఏమీ కాదు, నవ్వుతూ తిట్టుకుంటూ కట్టేస్తారు. ఎలినార్ ఓస్ట్రామ్ అనే పండితురాలు చెరువులు, అడవులు, మేత భూములు ఉమ్మడిగా వాడుకునే జనాలను ప్రపంచమంతటా పరిశీలించింది. అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి స్త్రీ ఆమె, 2009లో. ఎక్కువ కాలం నిలిచిన ఏర్పాట్లలో ఆమెకు కనిపించిన లక్షణాల్లో రెండు: మొదటి తప్పుకు శిక్ష చాలా చిన్నదిగా ఉండడం, కాపలా కాసేవాళ్లు అందులోని మనుషులే కావడం. చిన్న జుర్మానా తప్పు చేసినామెకు "చూశాం" అని చెబుతుంది, "పో" అనదు. పది రూపాయలు కట్టినామె వచ్చే నెల మళ్లీ చాప మీదకు వస్తుంది. రెండు లక్షలు వేయించుకున్న ఇల్లు ఊళ్లోంచే పోతుంది.

అందరి ముందు తేల్చుకునే పద్ధతికి ఇంకో ఉదాహరణ, మంజీర దాటి దక్షిణానికి జహీరాబాద్ వైపు ఉన్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాలు. 1983 నుంచి పి.వి. సతీష్, ఆయన సహచరులు దళిత స్త్రీలతో కలిసి చేసిన పని. పగలంతా కూలి చేసి వచ్చి రాత్రి పూట సమావేశమయ్యే ఆ సంఘాలు, ఊళ్లో ఎవరు ఎంత పేదవాళ్లో తేల్చే పనిని ఆఫీసు జాబితాలకు వదలకుండా తామే పెట్టుకున్నాయి. నేల మీద రంగులతో ఊరి పటం గీసి, ఇల్లిల్లూ చూపిస్తూ, అందరి ముందూ మాట్లాడుకుని. పక్కింటామె తన కంటే పేదదా కాదా అని ఆమె వింటుండగా చెప్పడం ఎంత ఇబ్బందో ఊహించండి. రహస్యంగా సర్వే చేసిన జాబితా మీద వచ్చే గొడవలు అలా చేసిన జాబితా మీద రావు. చెప్పాల్సినవాళ్లంతా అక్కడే చెప్పేశారు.

నాకు ఇప్పటికీ తేలనిది లీడరును మార్చే విషయం. రెండేళ్లకో మూడేళ్లకో మార్చుకోమని సంఘాలకు చెబుతారు. చాలా చోట్ల మొదటి రోజు ఎన్నికైనామే ఇంకా లీడరు. దొంగలెక్కలు రాసినందుకు కాదు, మంచిగా చేసినందుకే. "ఎందుకు మార్చాలె? ఆమెకు బ్యాంకు సారు ఎరికె, ఆఫీసుల తిరుగుడు ఎరికె" అంటారు. నిజమే. అయితే పదిహేనేళ్లుగా ఒకామెకే బ్యాంకు సారు ఎరిక అయితే, మిగతావాళ్లకు సంఘం నడపడం ఎప్పుడు ఎరికవుతుంది? ఆమె మీద ఉన్న నమ్మకం కాస్తా, "నేను పట్టించుకోనక్కర్లేదు" అనే సుఖంలోకి జారిపోయింది. ఆమెకు కాలు విరిగిన నెల మీటింగే జరగదు. మార్చితే ఇన్నేళ్లు చేసినామెను అవమానించినట్టవుతుందేమోనన్న జంకు కూడా ఉంది. తప్పు దొరికాక మార్చడమే అలవాటైన చోట మార్పంటే శిక్షే అనిపిస్తుంది. ఇరవై ఏళ్లుగా ఆ పని చేస్తున్నామె ఒకరు మాత్రం, "నన్ను దించుతలేరు సార్, ఎన్నిసార్లు చెప్పినా వింటలేరు" అని నాతో వాపోయింది. నమ్మకం మోసేవాళ్లకు అది ఎంత బరువో అడిగేవాళ్లు తక్కువ.

ఇప్పుడు చిన్న కోడళ్లు సంఘాల్లోకి వస్తున్నారు. ఇంటర్, డిగ్రీ చదివినవాళ్లు, చేతిలో స్మార్ట్‌ఫోను. లెక్కలు కూడా ఫోనులోకి ఎక్కుతున్నాయి. వీళ్ల వాదన నేను తోసేయలేను. పత్తి ఏరే రోజుల్లో కూలికి పోయి వచ్చి, వంట చేసి, పిల్లలను చూసుకుని, మళ్లీ గంటన్నర చాప మీద కూర్చోవాలా? పొదుపు ఫోన్‌పేలో పంపేస్తాం, అప్పు ఎవరికివ్వాలో వాట్సాప్‌లో చెప్పుకుంటాం, తీర్మానం మీద సంతకాలకు ఊళ్లో సంఘాల లెక్కలు చూసే వీఓఏ వదినె ఇంటింటికీ వస్తే సరిపోతుంది కదా? సంతకాలు అలా ఇంటింటికీ తిరిగి తీసుకోవడం కొన్ని సంఘాల్లో ఫోన్లు రాకముందే ఉందని వాళ్లకు తెలుసు, నాకూ తెలుసు. ముసలమ్మలకు ఇది ససేమిరా ఇష్టం లేదు. వాట్సాప్‌లో ఒకామె బొటనవేలు బొమ్మ పెడితే ఆమె ఒప్పుకుందో, చూడకుండానే నొక్కిందో, పక్కన మొగుడు నొక్కాడో ఎట్లా తెలుస్తుందన్నది వాళ్ల ప్రశ్న. చాప మీదైతే మొహం కనిపిస్తుంది. అప్పు అడిగినామె గొంతు ఎక్కడ వణికిందో వినిపిస్తుంది. నా మొగ్గు ముసలమ్మల వైపే. కానీ వాళ్లలో చాలామంది ఇప్పుడు కూలికి పోవడం లేదు, ఇంట్లో వంట కూడా ఆ కోడళ్లే చేస్తున్నారన్నది మరిచిపోలేను.

ఒక సంఘంలో ఈ పంచాయితీ రాత్రి తొమ్మిదిన్నర దాకా సాగింది. పైసలు ఫోన్లో వేయొచ్చు గానీ లెక్క చాప మీదే చదవాలని ఒకామె అంది. అది దాదాపు అందరికీ నచ్చింది. మీటింగు ఎన్ని గంటలకన్న దగ్గర మళ్లీ చిక్కుపడింది. సీరియల్ అయిపోయాక అని కొందరు, పొద్దు గూకక ముందే అని కొందరు, ఆదివారం పొద్దున అని ఒకామె. బుక్ కీపరు పెన్ను పట్టుకుని చాలాసేపు చూసింది. తేలేలా లేదు. ఈ సారి మాత్రం ఆమె ఏకగ్రీవమని రాయలేదు. సమయం విషయంలో ఒప్పందం కుదరలేదనీ, వచ్చే నెల మొదటి అంశం అదేననీ రాసి, పుస్తకం అందరికీ తిప్పి సంతకాలు పెట్టించింది.